ఇరవై రెండు లగ్గాల వాచీ

సిరిసిల్లలో ఆసామి ఆగయ్యకు ఎనిమిది సాంచెలు, ఒక భార్య, ఒక వాచీ ఉన్నాయి. సాంచెలంటే మరమగ్గాలు, అవి కరెంటుతో నడుస్తాయి. వాచీ చేయి ఊపితే నడుస్తుంది. భార్య జమున ఎవరూ ఏమీ ఊపకుండానే నడుస్తుంది, పైగా మిగతా రెంటినీ నడిపిస్తుంది. ఇంత ఉన్నా వాడకట్టులో ఆగయ్యకు పేరు తెచ్చింది మాత్రం వాచీయే.

అది స్విట్జర్లాండ్‌ది. ఆగయ్య పదకొండేళ్లు దుబాయిలో ఒక ముసలి షేకు దగ్గర డ్రైవరుగా చేశాడు. తిరిగొచ్చే ఏడు ఆ షేకు కొత్త మోడల్ కొనుక్కుని, పాతదాన్ని విప్పి, కారు తాళం అందించినంత తేలిగ్గా ఆగయ్య చేతిలో పెట్టాడు. దాని పేరును వాడకట్టులో నలుగురు నాలుగు తీర్లుగా పలుకుతారు, ఆగయ్య ఐదో తీరుగా పలుకుతాడు. ధర దగ్గర మాత్రం అందరిదీ ఒకే మాట. "మస్తుంటది."

ఇంటికొచ్చిన రెండో ఏడు, అదే వాడకట్టులో వరసకు పెద్దవ్వ అయ్యే దుర్గవ్వ కొడుకు పెళ్లయింది. ఎదురుకోళ్లలో గులాల్ చల్లుకునే తొక్కిసలాటలో పెళ్లికొడుకు వాచీ అద్దం పగిలింది. శకునం బాగాలేదని ఆడవాళ్లు గుసగుసలు మొదలుపెట్టేలోపే ఆగయ్య తన వాచీ విప్పి పిల్లాడి చేతికి పెట్టేశాడు. ఆ తరువాతి పెళ్లివాళ్లు అడిగారు. ఆ తరువాతివాళ్లు అడగకుండానే వస్తుందనుకున్నారు. అట్లా పద్నాలుగేళ్లలో ఇరవై రెండు పెళ్లిళ్లకు అది ఆచారమై కూర్చుంది. పెళ్లికొడుకు పీటల మీద కూర్చోబోయే ముందు ఆగయ్య రావాలి, ఎడమ చేతికి వాచీ పెట్టాలి, వీడియో అతను దగ్గరికొచ్చి తీయాలి. ఆగయ్యకు ముందు వరుసలో కుర్చీ ఒకటి ఖాళీగా ఉంచుతారు. మేనమామ నిలబడి ఉన్నా సరే, అది ఖాళీగానే ఉంటుంది.

వాచీకి ఇంకో గుణం ఉంది. చైను కొండి కొంచెం వంగి ఉండటంతో, మూసేటప్పుడు మణికట్టు మీది వెంట్రుకలు నాలుగు పట్టుకుని కరుస్తుంది. ఇరవై రెండు మంది పెళ్లికొడుకులూ ఆ క్షణాన మొహం వంకర పెట్టినవాళ్లే. "కరిస్తే కలిసొస్తది" అని పెద్దవాళ్లు తీర్మానించారు. సాంచె నడిపే బాలయ్య ఒక్కడే మంచి ముహూర్తం తప్పుతుందని తొందరపడి వాచీ లేకుండా పెళ్లి చేసుకున్నాడు. ఆర్నెల్లలో ఇల్లరికం పోయి, మరో ఆర్నెల్లలో తిరిగొచ్చాడు. ఆ రెండు రాకపోకలకూ వాచీ లేకపోవడమే కారణమని ఇప్పటికీ చెబుతాడు.

అన్నిటికంటే పెద్ద గొప్ప, దాని చైనులోని బంగారం. ముక్కకూ ముక్కకూ మధ్య సన్నటి పచ్చని గీత. దుబాయిలో ఉన్నప్పుడు ఆగయ్య గమనించనే లేదు. ఐదారు పెళ్లిళ్లయ్యాక ఎవరో ఆల్బం చూపిస్తుంటే కనిపెట్టాడు. ఇక అప్పటి నుంచి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ "నడుమ నడుమ బంగారం" అని చెప్పుకుంటూ వస్తున్నాడు. అట్లా చెప్పినప్పుడల్లా జమున వంటింట్లోకి వెళ్లి ఏదో ఒక గిన్నె కడుగుతుంది.

ఇరవై మూడో పెళ్లికొడుకు రవి, ఆగయ్య సొంత అక్క కొడుకు. పెళ్లి ఎనిమిది రోజులుందనగా వచ్చి చాయ తాగి, గ్లాసు కిందపెట్టి చెప్పాడు.

"మామా, ఏమనుకోవద్దు గని, మన వాచీ జర పాతగైంది."

"పాతగైతే ఏంది రా? నడుస్తలేదా?"

"నడుస్తది. గని వాడకట్టుల ఏ ఆల్బం తెరిచినా పిలగాడు మారుతుండు, చెయ్యి మారుతలేదు. నా దోస్తులు నవ్వుతున్నరు. కోరుట్లల శైలజక్క ఉన్నది గద, వాళ్లాయన మహేశన్న దుబాయికెల్లి గదే కంపెనీది కొత్త మోడల్ పంపిండట. లగ్గానికి కిరాయికిస్తనన్నది. నువ్వు పరేషాన్ గాకు."

ఆగయ్యకు కిరాయి మాట చెవికెక్కలేదు. వేరే అనుమానం వచ్చింది. "మరి చేతికెవలు వెడ్తరు?"

"ఎవలు వెడ్తరేంది మామా, నేనే వెట్టుకుంట. నాకు చెయ్యి లేదా?"

రవి మంచి పిల్లాడు, మనసులో ఏమీ లేదు. కానీ ఆ ఒక్క మాటతో పద్నాలుగేళ్ల ముందు వరుస కుర్చీ మడిచి టెంటువాడి లారీలో వేసినట్టయింది ఆగయ్యకు. "కిరాయెందుకురా, పరువు తక్కువ! మనమే మార్చుకుందాం. పాతదిచ్చి, పైన ఎంతో కొంత వెట్టి కొత్తది తెస్త" అని నోరు జారాడు. సాయంత్రానికి ఆ సంగతి వాడకట్టంతా తెలిసింది. తెలియనివాడు ఆగయ్య ఒక్కడే. అంటే, తను నిజంగా మారుస్తున్నాడో లేదో అతనికే తెలియదు.

జమునను అడిగాడు. "మార్చాల్నంటవా?"

"మార్చు."

"మార్చితే దుర్గవ్వ పెద్దవ్వ ఊకుంటదా?"

"అయితే మార్చకు."

"మార్చకపోతే రవిగాడు కిరాయిది తెస్తడు గదనే."

"అయితే మార్చు."

"నువ్వేమంటున్నవే?"

"నువ్వన్నదే అంటున్న" అని జమున బియ్యంలో మెరిగలు ఏరుకుంది.

మర్నాడు దుర్గవ్వ కర్ర ఆనించుకుంటూ సాంచెల షెడ్డులోకే వచ్చింది. ఎనిమిది సాంచెల చప్పుడు మీంచి వినపడేట్టు మాట్లాడగల గొంతు ఆ వయసులో ఆమెకొక్కతికే ఉంది. "ఆగయ్యా! అమ్ముతున్నవటరా మా పోరని వాచీ?"

"నీ కొడుకుది ఎట్లయితది పెద్దవ్వా? నాది గద."

"మొదలు ఎవని చేతికి ఎక్కింది? మా పోరని చేతికి. వానికిద్దరు పిల్లలు, ఒక పల్సర్, ఏ బాధ లేదు. గది ఎవలికో అమ్మితే, గా ఎవడో మా పోరని నసీబు చేతికి కట్టుకోని తిరుగుతడు. నేనొప్ప. మారిస్తే నీ మేనల్లుని లగ్గానికి నేను రాను, ఇగ నా కొడుకుని రానియ్య, కోడల్ని రానియ్య."

దుర్గవ్వ రాకపోతే పెళ్లిలో తిట్టేవాళ్లుండరు, తిట్టేవాళ్లు లేని పెళ్లి పెళ్లిలాగే ఉండదు. మార్చితే దుర్గవ్వ కుర్చీ ఖాళీ, మార్చకపోతే తన కుర్చీయే లేదు. ఆగయ్య రెండు రోజులు దారం పోగు తెగినా చూసుకోకుండా షెడ్డులో తిరిగాడు. మూడో రోజు, చూసిరావడానికేం పోయిందని, వాచీని రుమాలులో చుట్టి కోరుట్ల బస్సెక్కబోయాడు.

"నన్ను పంపరాదు, ఆధార్ కార్డు చూపెడితే ఆడోళ్లకు టికెట్ లేదాయె" అంది జమున.

"వాచీ బేరం ఆడోళ్లతోటి ఐతదానే?"

"అమ్మేది ఆడిమనిషేనాయె మరి" అంది ఆమె. అప్పటికి అతను గల్లీ దాటాడు.

కోరుట్లలో శైలజ దుకాణమంటే ఆమె ఇంటి ముందర గదే. మంచం మీద ఇస్త్రీ చేయాల్సిన బట్టలు, టేబుల్ మీద తువ్వాల పరిచి వరుసగా వాచీలు. మొగుడు మహేశ్ దుబాయిలో వాడిన వాచీలు కొని, వచ్చేవాళ్లతో పంపిస్తాడు. ఆమె ఫోన్లో ఫొటోలు పెట్టి కరీంనగర్, నిజామాబాద్ దాకా అమ్ముతుంది.

"కూసో కాకా. మెల్లగ మాట్లాడు, మా చిన్నది పండుకున్నది."

"మెల్లగనే మాట్లాడుతున్న బిడ్డా" అన్నాడు ఆగయ్య. లోపల చిన్నది లేచి ఏడ్చింది. సాంచెల మధ్య ముప్పై ఏళ్లు బతికినవాడి మెల్లని గొంతు అది.

పిల్లను భుజాన వేసుకొచ్చి, శైలజ కొత్త మోడల్‌ను పాతదాని పక్కన పెట్టింది. ఆగయ్య వంగి ఒక కన్ను మూసి చూశాడు, తరువాత రెండోది మూసి చూశాడు. అదే మొహం, అవే ముళ్లు, అదే చైను.

"కొత్తదేది బిడ్డా?"

"తెల్లగున్నది కొత్తది కాకా. ఒక్క మిల్లీమీటరు పెద్దగుంటది. లోపల మిషిని కొత్తది."

"లోపలిది ఎవలికి గనవడ్తది?"

"ఎవలికి గనవడది."

"నాదాన్ల నడుమ బంగారమున్నది. గిండ్ల లేదు గద. పైన నేను పైసలు వెట్టాలె, బంగారం ఇడిశిపెట్టాలె. గిదేం మార్పు?"

శైలజ అప్పుడు పాతదాన్ని వెలుతురుకు పట్టుకుని చూసింది. ఆమె కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి. ఫొటో తీసి మొగుడికి పంపింది. జవాబు వచ్చేలోగా కొత్తదాన్ని ఆగయ్య చేతికి పెట్టింది. ఆగయ్య అలవాటుగా పళ్లు బిగబట్టి కరుస్తుందని చూశాడు. కొండి పట్టులాగా మూసుకుంది, ఏమీ కాలేదు. పెట్టుకున్నట్టే అనిపించలేదతనికి. మళ్లీ తీసి మళ్లీ పెట్టించుకున్నాడు.

ఫోను మోగింది. శైలజ విని, స్పీకరు ఆపి, గొంతు తగ్గించింది. "కాకా, మా ఆయన ఏమంటుండంటే, గా మోడల్ల నడుమ బంగారం రానే రాదట. కంపెనీ అట్లాంటిది చెయ్యనే లేదట."

"అంటే?"

"అంటే… నాకెర్క లేదు కాకా. జగిత్యాలల వాచీలు బాగుజేసే ఏసయ్య అన్న ఉన్నడు. ఆయన చూసి అసలుదంటే తీసుకుంట. పైన నువ్వు రెండు సాంచెలు కొనేటన్ని పైసలు వెట్టాలె. లగ్గం రోజు దాక కొత్తది నీకోసం ఆపుత. తెల్లారి నిజామాబాదోళ్లు తీస్కపోతరు."

జగిత్యాల బస్సులో కూర్చున్న ఆగయ్యకు లెక్క కుదరలేదు. వాచీ దొంగదైతే షేకు మోసగాడు. కానీ మూడు బంగళాలున్న షేకు డ్రైవరును మోసం చేయడానికి దొంగ వాచీ కొని పదేళ్లు తనే పెట్టుకుంటాడా? షేకు మోసగాడు కాకపోతే కంపెనీ అబద్ధమాడుతోంది. రెండూ కాకపోతే ఇరవై రెండు మందిలో ఎవడో మార్చేశాడు. ఎవడు? దుర్గవ్వ కొడుకు పల్సర్ ఎట్లా కొన్నాడు? ఆ ఆలోచన వచ్చినందుకు తనే లెంపలేసుకున్నాడు. పక్క సీటాయన దేవుడి గుడి దాటిందేమోనని తనూ వేసుకున్నాడు. మెట్‌పల్లి నుంచి వచ్చే పసుపు లారీ ఒకటి ముందు పోతూ బస్సునిండా ఘాటు నింపింది. ఆగయ్య రెండుసార్లు తుమ్మి, వాచీకి దుమ్ము పడుతుందని రుమాలు ఇంకో చుట్టు చుట్టాడు.

జగిత్యాల టవర్ దగ్గర గల్లీలో ఏసయ్య దుకాణం మంచమంత ఉంటుంది. ఆయన కంటికి అద్దం బిగించుకుని, వాచీ వెనక మూత విప్పి, లోపలి చక్రాలను ఒక్కొక్కటిగా చూశాడు.

"అసలుదే అన్నా" అన్నాడు చివరికి. "మిషిని ఒక్కసారి గూడ విప్పలే. మంచిగున్నది."

ఆగయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క మాటలో షేకు మంచివాడైపోయాడు, దుర్గవ్వ కొడుకూ మంచివాడైపోయాడు.

"చైను గలీజుగున్నది, కడిగిస్త" అని ఏసయ్య చైను ఊడదీసి, సబ్బునీళ్ల గిన్నెలో వేసి, కింద మిషను పెట్టాడు. జుయ్యిమని శబ్దం వచ్చింది. ఆగయ్య చాయ తాగొచ్చేసరికి గుడ్డ మీద చైను ఆరేసి ఉంది. తెల్లగా, తళతళా, పెళ్లికాని పిల్లాడి పళ్లలాగా. ఒక్క పచ్చని గీత లేదు.

"బంగారం ఏడవాయె?"

"ఏం బంగారం?"

"ఏం బంగారమంటవేందయ్యా! నడుమ నడుమ బంగారముండె! పన్నెండు ముక్కలకు పన్నెండు గీతలుండె! నేను చాయకు పోయేసరికి గీక్కున్నవా?"

ఆగయ్య దృష్టిలో అది మామూలు గొంతే. కానీ పక్కన చెప్పులాయన, ఎదురుగా జిరాక్స్ ఆయన లేచి వచ్చారు. ఏసయ్య కోపగించుకోలేదు. గిన్నెను తీసి ఆగయ్య ముక్కు కింద పెట్టాడు. నీళ్లు చిక్కటి పసుపు రంగులో ఉన్నాయి.

"వాసన చూడు."

చూశాడు. పసుపు, కొంచెం నూనె, కొంచెం గంధం. పెళ్లింటి వాసన. ఏసయ్య చిన్న పట్టకారుతో గిన్నె అడుగు నుంచి ఐదు బియ్యపు నూకలు తీసి కాగితం మీద వరుసగా పెట్టాడు. అవీ పచ్చగానే ఉన్నాయి.

"లగ్గాలకు పెట్టుకుంటరా దీన్ని?"

ఆగయ్య తలూపాడు.

"గదే మరి. ఎన్నో లగ్గాల పసుపు. ఇంక కొన్ని లగ్గాలైతే చైనే వంగకపోవు. కొండి గూడ వంకరున్నది, సరిచేస్త ఉండు."

"ఏం ముట్టకు!" అన్నాడు ఆగయ్య, వాచీని గుంజుకుంటూ. "నీకు దండం వెడ్త. ఇగ దేన్ని ముట్టకు."

ఏసయ్య నవ్వుతూనే కొండిని ముట్టకుండా చైను బిగించి ఇచ్చి, కోరుట్లకు ఫోన్ చేసి, సరుకు అసలుదేనని చెప్పాడు. ఫోన్లోంచి శైలజ గొంతు. "మరి ఏమంటవు కాకా? మారుద్దమా?"

ఆగయ్య చేతిలోని పాత వాచీని చూశాడు. అది పొద్దున కోరుట్లలో చూసిన కొత్త వాచీలాగే ఉంది. పాతదాన్ని ఇచ్చి, పైన రెండు సాంచెల పైసలు పెట్టి, దీన్నే తెచ్చుకోవాలి. అంతేనా? "లగ్గం రోజు చెప్త బిడ్డా" అన్నాడు. నూకలను కాగితంలో పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నాడు. ఎందుకో అతనికే తెలియదు.

సిరిసిల్లలో దిగి వాడకట్టు మలుపు తిరగ్గానే రవి ఎదురొచ్చాడు. మామ చేతికున్న వాచీని చూసి, బండి అక్కడే ఆపి, దిగి కాళ్లకు మొక్కినంత పని చేశాడు.

"తెచ్చినవా మామా! గిదే! ఫొటోల చూసిన గిదే!"

"అరె, గిది కొత్తది కాదురా. పాతదే. కడిగిచ్చిన."

"ఊకో మామా, ఎవలకు చెప్తున్నవ్? పైసలెక్కువైనయని అమ్మ తిడ్తదని భయమా? నేను చెప్పనులే" అని కన్నుకొట్టి వెళ్లిపోయాడు. అమ్మకు తప్ప అందరికీ చెప్పాడు. అమ్మకు వాళ్లు చెప్పారు.

దుర్గవ్వ తన గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఆమె తిట్టలేదు, అది చూసే ఆగయ్య భయపడ్డాడు.

"ఇచ్చొచ్చినవా కొడుకా?"

"లేదు పెద్దవ్వా! గిదే అది! బంగారం గాదట అది, పసుపట. లగ్గాలల్ల పసుపు. ఇగో, సాక్ష్యం" అని పొట్లం విప్పాడు. "తలంబ్రాల బియ్యం. నీ కొడుకువి గూడ ఇండ్ల ఉంటయి."

దుర్గవ్వ ఒక నూక తీసుకుని, వేలి మీద దొర్లించి, కంటికి దగ్గరగా పెట్టుకుంది.

"గిది దొడ్డుబియ్యం. నా కొడుకు తలంబ్రాలకు మేం సన్నబియ్యం పోసినం. నోట్లె మాటలు చెప్పకు ఆగయ్యా. నేను లగ్గానికి రాను" అని తలుపేసుకుంది.

ఇంటికొచ్చి ఆగయ్య చొక్కా విప్పకుండానే కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాడు. జమున అన్నం పెడుతూ వింది.

"అది పసుపటనే."

"నాకెర్కనే."

ముద్ద చేతిలోనే ఆగింది. "ఎప్పటిసంది ఎర్క?"

"మొదటి లగ్గం సంది. తుడిసి బీరువల వెట్టేది నేనే గద."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వు బంగారమంటివి. ఇంట్ల బంగారమున్నదని మొగడే చెప్తుంటే కాదని ఏ ఆడది అంటది?"

ఆగయ్య చాలాసేపు అన్నం కలిపాడు. "ఇప్పుడు చూడు. నేను మార్చలె. మార్చిన్నని రవిగాడు కుశీగున్నడు. మార్చిన్నని పెద్దవ్వ మొకం చూస్తలేదు. చెయ్యని పనికి తిట్లు వడ్డప్పుడు గా పనేదో చేసేస్తే, తిట్లన్న న్యాయంగుంటయి గద?"

"చేసేయ్ మరి."

"చేస్తే గప్పుడు నిజంగ పోతది గదనే!"

"అయితే చెయ్యకు" అని జమున పెరుగు వడ్డించింది.

పెళ్లినాడు పొద్దున్నే డీసీఎం వ్యాన్లో ఫంక్షన్ హాలుకు చేరారు. ముందు వరుసలో ఆగయ్య కుర్చీ ఖాళీగా ఉంది. ఎదురుకోళ్లయ్యాయి. గులాల్‌తో సగం ఎర్రబడ్డ రవి దోస్తులు ఫోన్లు పైకెత్తి "కొత్త వాచీ, కొత్త వాచీ" అని అరుస్తున్నారు. ఆగయ్య లేచాడు. చివరి వరుసలో, స్తంభం చాటున, ముసుగు మొహం మీదికి లాక్కుని దుర్గవ్వ కూర్చుని ఉంది. రానన్నది గానీ, కొత్త వాచీ ఎంత పనికిమాలినదో తన కళ్లతో చూసి చెప్పాలిగా మరి.

జేబులో ఫోను వణికింది. శైలజ. ఆగయ్య దాన్ని వణకనిచ్చాడు.

వీడియో అతను దగ్గరికొచ్చాడు. రవి ఎడమ చేయి చాచాడు. ఆగయ్య వాచీ తొడిగి, కొండి మూశాడు.

"అబ్బా! స్స్… మామా!"

రవి మొహం ఇరవై రెండు మొహాల్లాగే వంకరైంది. హాలులో నవ్వులు లేవబోతుండగా చివరి వరుస నుంచి కర్ర చప్పుడు, దాని వెనకే సాంచెల చప్పుడును మించిన గొంతు.

"గదే! గదే గది! మా పోరడు గూడ గిట్లనే ఒర్రిండు! ఆగయ్యా, మార్చలేదురా నువ్వు! నేనే అనుమానపడ్డ, నా నోట్లె మన్నువడ!"

దుర్గవ్వ స్తంభం చాటు నుంచి లేచి, దారిలో ఉన్నవాళ్లను కర్రతో తప్పిస్తూ ముందుకొచ్చింది. ఎవరో ముందు వరుసలో కుర్చీ వేశారు. రవి దోస్తులు ఫోన్లు కిందికి దించారు. రవి మణికట్టు రుద్దుకుంటూ మామ వైపు చూశాడు.

"పాతదేనా మామా?"

"మొదటిసంది చెప్తనే ఉన్నగదరా."

రవి ఏదో అనబోయాడు. వీడియో అతను "అన్నా, నవ్వాలె, లైవ్ ఉన్నది" అన్నాడు. రవి నవ్వాడు. మొదట వీడియో కోసం నవ్వాడు, తరువాత వాచీని అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఏమనుకున్నాడో, మళ్లీ నవ్వాడు. ఏమనుకున్నాడన్నది ఆగయ్యకు అర్థం కాలేదు. సంతోషమా, ఇంతమంది ముందు ఏం చేయాలో తెలియకనా? అడుగుదామంటే అయ్యగారు మంత్రాలు మొదలుపెట్టాడు.

తాళి కట్టడం అయ్యేసరికి ఫోను మళ్లీ వణికింది. ఈసారి జమున అతని జేబులోంచి తీసి చెవికి పెట్టుకుంది. "ఆఁ బిడ్డా… నేను వాళ్ల ఇంటామెను… ఏమో, మా ఆయనకే ఎర్కలేదు, నాకేం ఎర్క? నువ్వు లగ్గానికి రాకపోతివి, భోజనాలు మంచిగున్నయి… ఆఁ, నిజామాబాదోళ్లకు ఇయ్యి, ఇయ్యి. లేకపోతే జర ఆగు…" అంటూ ఫోను చేత్తో మూసి మొగుణ్ని చూసింది. "ఇయ్యమనాల్నా, ఆగమనాల్నా?"

తలంబ్రాల పళ్లాలు వచ్చాయి. పెద్దవాళ్లంతా లేచి తలా గుప్పెడు పోస్తున్నారు. ఆగయ్య జవాబు చెప్పకుండా పళ్లెం దగ్గరికి పోయి, దోసిలి నిండా పసుపు బియ్యం ఎత్తుకున్నాడు. తడి పసుపు వేళ్ల సందుల్లోంచి కారుతోంది. రవి ముందు వంగి, ఆ దోసిలంతా వాడి ఎడమ చేతి మీద, సరిగ్గా వాచీ మీద పోశాడు.

"మామా, తల మీద పొయ్యాలె!"

"ఎర్కనేరా" అన్నాడు ఆగయ్య, చైను సందుల్లోకి బొటనవేలితో కొంచెం అదుముతూ.

జమున ఫోను మళ్లీ చెవికి పెట్టుకుంది. "ఇయ్యి బిడ్డా" అంది.